మెయిన్ స్విచ్ పక్కన అతికించిన కాగితం

మన దీవుల తెలుగు సంఘం సావనీరులో రిటైరైన వాళ్ళ చేత జ్ఞాపకాలు రాయించడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. మొదటి ఏడాది ఓడ నడిపినాయన రాశారు. తర్వాత హెడ్మాస్టరు గారు, ఆ తర్వాత నర్సు గారు, మంచు ఫ్యాక్టరీ చూసుకున్నాయన, పోస్టాఫీసాయన. హెడ్మాస్టరు గారు రెండుసార్లు రాశారు. రెండోసారి రాసింది కూడా మొదటిసారి రాసిందే. ఈ తొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. ప్రతి వార్షికోత్సవానికీ కుర్చీలు సర్దే వాళ్ళలో నేనుంటాను, మైకు పాడైతే నన్నే పిలుస్తారు, కాని నాకు కూడా ఒక ఉద్యోగం ఉండేదని ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ ఏడాది అడిగారు. ఎందుకడిగారో కూడా నాకు తెలుసు. రాస్తానని ఒప్పుకున్న పెద్దమనిషికి కంటి ఆపరేషన్ అయింది, అచ్చుకు ఇచ్చే ముందు నాలుగు పేజీలు ఖాళీగా మిగిలాయి. సరే. నాకు కావలసింది కూడా ఖాళీ పేజీలే. మా పాత ఆఫీసుకు ఏడు ఉత్తరాలు రాసినా జవాబు రాని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. మా ప్రాజెక్టు చివరి రిపోర్టులో ఒక వాక్యం తప్పు. ఆ ఒక్క వాక్యం దిద్దమనే నా ఏడు ఉత్తరాలూ.

కుర్రవాళ్ళు, అమ్మాయిలు దీన్ని చదవాలని నా కోరిక. మీలో చాలామందికి తెలుగు మాట్లాడినంత బాగా చదవడం రాదని తెలుసు. ఇంట్లో చదవగలిగిన వాళ్ళ చేత గట్టిగా చదివించుకోండి. మీరు ఇప్పుడు కంప్యూటరు కోర్సుల్లో నేర్చుకుంటున్న పని, ఈ ఊళ్ళో మొదట చేసిన వాళ్ళలో నేనొకణ్ణి. ఆ మాట కూడా రిపోర్టులో లేదు.

నా ఉద్యోగం మెసేజ్ రూములో మొదలైంది. దీవుల మధ్య సందేశాలు పంపే గది అది. పంపిన ప్రతి సందేశానికీ కార్బన్ కాగితం కింద ఒక నకలు, ఆ నకలు మీద వరుస సంఖ్య. ఒక్క సంఖ్య తప్పినా డ్యూటీ దిగడానికి వీల్లేదు. నా మొదటి పై అధికారి ఒకసారి ఒక్క నకలు కనిపించలేదని నన్ను మూడు గంటలు అదనంగా కూర్చోబెట్టాడు. అది చివరికి ఆయన ఫైలు కిందే దొరికింది. ఆయన సారీ చెప్పలేదు. నేను మర్చిపోలేదు. కాని వరుస సంఖ్య వేసి నకలు దాచుకునే అలవాటు మాత్రం ఆయన పెట్టిందే, అది ఒప్పుకోవాలి.

తర్వాత మెసేజ్ రూము మూసేసి మమ్మల్ని పడవల రికార్డులు చూసే పనిలో వేశారు. నలభై దాటాక పుస్తకాలు ముందు పెట్టుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. సర్టిఫికెట్ లేదని ప్రమోషన్ కూడా ఇవ్వలేదు. అది వేరే కథ, దానికి వేరే ఉత్తరాలున్నాయి.

ఇక అసలు సంగతి. చేపల జెట్టీ షెడ్డులో ఒక చెక్క బోర్డు ఉండేది, దాని నిండా మేకులు. ప్రతి పడవకూ నంబరు కొట్టిన అల్యూమినియం బిళ్ళ ఒకటి. సముద్రంలోకి వెళ్ళేటప్పుడు పడవ మనిషి తన బిళ్ళను మేకుకు తగిలిస్తాడు, తిరిగొచ్చాక తనే తీసుకుంటాడు. ఒకరి బిళ్ళ మీద మరొకరు చెయ్యి వెయ్యరు. అన్నదమ్ములైనా సరే. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి నీళ్ళ మీద ఉన్నట్టు. ఇంటివాళ్ళు దాన్నే చూసి పోతారు.

బోర్డు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పినవి రిజిస్టర్లు. ఒకసారి ఒక పడవ ఇంజను పాడై రెండు రోజులు కొట్టుకుపోయింది. ఏ రోజు వెళ్ళిందో మత్స్యకారుల సొసైటీ రిజిస్టరులో ఒకటి ఉంది, మా ఆఫీసు రిజిస్టరులో ఇంకొకటి ఉంది. ఒకదాంట్లో అంకె మీద అంకె దిద్ది ఉంది. ఎవరు దిద్దారో ఎవరూ ఒప్పుకోలేదు, ఆ వాదనలో వెతకడం ఆలస్యమైంది. మనుషులు బతికి బయటపడ్డారు. కాని సొసైటీ వాళ్ళు ఆఫీసుకు వచ్చి ఒకే మాట అన్నారు: మీరూ దిద్దలేని, మేమూ దిద్దలేని రిజిస్టరు కావాలి.

అలా బ్లాక్‌చెయిన్ వచ్చింది. దాని గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతారు, మీరు కంగారు పడకండి. రాసిన నమోదును చెరపడానికి వీల్లేని, ఒక నమోదుకు వెనక ఇంకొకటి గొలుసులా కట్టుకుంటూ పోయే రిజిస్టరు అది. నిజంగా వాడే ముందు అదే రకం గొలుసును మన గదిలో, మన కంప్యూటరులోనే నడిపి చూసుకోవచ్చు. దాన్ని టెస్ట్ నెట్‌వర్క్ అంటారు.

దీన్ని పెట్టించడానికి మెయిన్‌లాండ్ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. తెలుగువాడే, ముప్పై ఏళ్ళుంటాయి. మా ఆఫీసు మిన్నీ బే దగ్గర అద్దె ఇంట్లో ఉండేది. గుమ్మంలో అడుగు పెడుతూనే నన్ను అంకుల్ అన్నాడు. సార్ అనలేదు. నేను మాట్లాడుతుంటే నవ్వి, మీ తెలుగులో సగం హిందీ ఉందే అన్నాడు. ఉంటుంది. నా పొరుగున అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉంటారు, ఆయన పొరుగున ఎవరుంటారో నాకు తెలియదు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన వాళ్ళూ మా వాళ్ళూ ఒకే సముద్రతీరం నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళే. ఆఫీసులో నన్ను సార్ అనేవాడు, గేటు దాటితే తమ్ముడూ అనేవాడు. ఆదివారాలు తెలుగు చర్చిలో వాక్యం చదివేది ఆయనే, ఆ గొంతు కోసమే జనం ముందు వరసలో కూర్చునేవారు. ఆ మనిషి, ఆ రోజు, కన్సల్టెంటుకు నా కప్పులో టీ ఇచ్చాడు. నీలం అంచు కప్పు. పదకొండేళ్ళుగా అందులో నేను తప్ప ఎవరూ తాగలేదు. నాకు స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాడు. అప్పటినుంచి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆఫీసులో టీ కూడా మానేశాను. ఇది చిన్న విషయమని మీకనిపిస్తే, ముందుకు చదవండి.

కన్సల్టెంటు మొదట ఇంటర్నెట్టులో అందరికీ అందుబాటులో ఉండే టెస్ట్ నెట్‌వర్క్ వాడదామన్నాడు. సముద్రం కింద కేబులు వచ్చాక మనకు నెట్ బాగానే ఉంది కాని, ఆ వారమే ఏదో తెగి రెండు రోజులు ఊరంతా ఆగిపోయింది. నెట్ లేదని పడవలు ఆగవు కదా. నెట్‌వర్కును మన ఆఫీసు కంప్యూటరులోనే నడుపుదాం, జెట్టీకి మన వైర్‌లెస్ లింకు ఉంది, బయటి నెట్‌తో పనే లేదు అని నేనన్నాను.

“అంకుల్, అది స్టూడెంట్స్ నేర్చుకోడానికి వాడేది. సీరియస్ పనికి కాదు,” అన్నాడు.

నేను వదల్లేదు. మూడు రోజులు అదే మాట చెప్పాను. నాలుగో రోజు, విసుగెత్తి ఒప్పుకున్నాడు. ఆ కంప్యూటరులో నెట్‌వర్కు పెట్టి, పది పడవలు నమోదు చేసి, జెట్టీలోని టాబ్లెట్‌ను దానికి కలిపే పని నా మీద వదిలేసి విమానం ఎక్కాడు. మూడు వారాల తర్వాత కమిటీతో వస్తానన్నాడు. అప్పటికి పని చేస్తే ట్రయల్ సాగుతుంది, లేకపోతే పాత రిజిస్టరే.

జెట్టీలో రిజిస్టరూ బోర్డూ చూసుకునేది ఒకావిడ. డిగ్నాబాద్‌లో ఉండేది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ, తెలుగువాళ్ళూ కానివాళ్ళూ అందరూ ఆమెను దీదీ అనేవారు. పడవలు కదిలేది తెల్లవారుజామున, ఆమె వాటికంటే ముందే అక్కడ ఉండేది. టాబ్లెట్ ఆమె చేతిలో పెట్టాను. వెళ్ళింది, వచ్చింది అని రెండే బటన్లు.

మొదటి నాలుగు రోజులు ఏదీ కలవలేదు. ఆఫీసు కంప్యూటరులో ప్రోగ్రాం నడిపితే బ్రహ్మాండంగా పని చేసేది, అదే ప్రోగ్రాం టాబ్లెట్‌లో పెడితే గొలుసు కనబడలేదనేది. నెట్‌వర్కు ఎక్కడుంది అనే చోట నేను రాసిన చిరునామాకు అర్థం ‘ఈ యంత్రంలోనే’ అని. ఆఫీసులో ఉన్నంతసేపూ అది నిజమే. టాబ్లెట్‌లోకి వెళ్ళాక, పాపం అది తన కడుపులోనే వెతుక్కుంటోంది. ఈ సంగతి పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. దీదీకి చెబితే, నా మరిది కూడా ఇంతే, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు అంది.

టాబ్లెట్‌లో ఆఫీసు కంప్యూటరు నంబరు రాశాను. అప్పటికీ కలవలేదు. నెట్‌వర్కు తన గదిలో వాళ్ళ మాటే వింటోంది, బయటి నుంచి పిలిస్తే పలకడం లేదు. దానికి బయటి పిలుపులు వినమని చెప్పాను. అప్పుడు కలిసింది కాని నమోదు తీసుకోలేదు. ప్రతి నెట్‌వర్కుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, మా ప్రోగ్రాంలో ఉన్న సంఖ్య వేరు, నెట్‌వర్కు చెప్పే సంఖ్య వేరు. అది కన్సల్టెంటు రాసి వెళ్ళిన తప్పు. ఫోను చేస్తే ఎత్తలేదు. నేనే దిద్దాను.

ఆరో రోజు పొద్దున దీదీ బటన్ నొక్కింది. ఆఫీసులో నా తెర మీద గొలుసు ఒక్క లంకె పెరిగింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను గదిలో. లేచి నిలబడ్డాను. ఫోనులో దీదీ, ఇంతేనా భయ్యా, అయిపోయిందా అని అడుగుతోంది. ఇంతే దీదీ అన్నాను. కాని ఇంతే కాదు. మెయిన్‌లాండ్‌లో పెద్ద పెద్ద జీతాల వాళ్ళు చేసే పని అది, మిన్నీ బేలో చెమ్మ పట్టిన గోడల మధ్య ఒక పాత మెసేజ్ రూము మనిషి చేశాడు. ఈ మాట నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

తర్వాత కన్సల్టెంటుతో ఫోనులో రెండు తగవులు పడ్డాను. మొదటిది టైము గురించి. పడవ వెళ్ళిన సమయంగా, నమోదు గొలుసులోకి చేరిన సమయాన్ని తీసుకోమన్నాడు. వాన పడితే మా లింకు గంటల తరబడి పోతుంది, అప్పుడు తెల్లవారుజామున వెళ్ళిన పడవ మధ్యాహ్నం వెళ్ళినట్టు పడుతుంది. దీదీ బటన్ నొక్కిన సమయమే నమోదులో రాయాలన్నాను. రెండోది నకళ్ళ గురించి. టాబ్లెట్ పంపే ప్రతి నమోదునూ, పంపింది జెట్టీయే అని చెప్పే డిజిటల్ సంతకంతో సహా, వరుస సంఖ్య ప్రకారం టాబ్లెట్‌లోనే ఒక నకలు దాచాను. ఎందుకంటాడు. బ్లాక్‌చెయిన్ అంటేనే పోనిది, దానికి మళ్ళీ నకలేమిటి, నమ్మకం లేదా అంటాడు. పంపినదానికి నకలు లేకపోతే నాకు అన్నం సయించదన్నాను. మీ ఇష్టం అంకుల్ అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ కంప్యూటరు ఆపకూడదు. దాని కింద యూపీఎస్ ఉంది, మన ఊళ్ళో పోయే కరెంటుకు అది సరిపోతుంది. కాని మా అటెండరు ప్రతి సాయంత్రం తలుపు వేసే ముందు మెయిన్ స్విచ్ ఆపేవాడు. అంతకుముందు ఆఫీసు ఉన్న ఇంట్లో ఒకసారి వైర్లు అంటుకుని మంటలొస్తే, ఆర్పినవాడు ఆయనే. మోచేతి దాకా మచ్చ ఉంది. ఆ తర్వాత ఆఫీసు వాళ్ళే, తాళం వేసే ముందు మెయిన్ ఆపవలెనని ఆర్డరు ఇచ్చారు. ఆయన ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆయనకు ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను మాట్లాడటం లేదు కదా. అందుకని ఒక కాగితం మీద ‘ఈ స్విచ్ ఆపరాదు’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి స్విచ్ పక్కన అతికించాను. ఆయన తెలుగు ఎంత బాగా చదువుతాడో నాకు తెలుసు. ఇంగ్లీషు చదవడం రాదనీ తెలుసు. తెలుగులో రాస్తే నేను ఆయనతో మాట్లాడినట్టవుతుందని రాయలేదు. నిజం ఇది. ఇన్నేళ్ళకు కాగితం మీద పెడుతున్నాను.

ఆ మూడు వారాలూ పని మీద నేనే చీకటి పడేదాకా ఉండి తాళం వేశాను కాబట్టి ఏమీ కాలేదు. ఇంకో తెలివైన పని కూడా చేశాను. పొరపాటున ఎప్పుడైనా కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలైతే, నెట్‌వర్కు దానంతటదే లేచి, వెళ్ళిన, వచ్చిన పడవల లెక్క కట్టే నియమాల ప్రోగ్రామును తిరిగి ఎక్కించుకునేలా ఏర్పాటు చేశాను. చాలా గర్వపడ్డాను. ఆ నెట్‌వర్కు అంతా కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉందనీ, ఆగి లేస్తే పుట్టిన రోజులాగా ఖాళీగా లేస్తుందనీ నేను ఆలోచించలేదు. దాన్ని డిస్కులో దాచమని ఒక్క లైను చెబితే చాలు. చెప్పలేదు.

కమిటీ వచ్చే ముందు రోజు సాయంత్రం నాలుగింటికి చివరిసారి చూద్దామని జెట్టీకి వెళ్ళాను. పదింటిలో ఎనిమిది పడవలు తిరిగొచ్చాయి. రెండు ఆ తెల్లవారుజామునే రెండు రోజుల వేటకు వెళ్ళాయి. అందులో ఒకటి దీదీ తమ్ముడిది. బోర్డు మీద ఆ రెండు బిళ్ళలు, టాబ్లెట్‌లో అవే రెండు నంబర్లు. తృప్తిగా అటునుంచి అటే డాలీగంజ్‌లో మా ఇంటికి వెళ్ళిపోయాను. ఆఫీసుకు ఎవరు తాళం వేస్తారో అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు పది గంటలకు కమిటీ వచ్చింది. మా పెద్ద సాబ్, మెయిన్‌లాండ్ నుంచి ముగ్గురు, కన్సల్టెంటు. సొసైటీ తరఫున దీదీ, టాబ్లెట్‌ను చీర కొంగులో చుట్టి సంచిలో పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం కమిటీ జెట్టీకి వస్తుందని ఆ రోజు మిగతా పడవలేవీ కదల్లేదు. నేను తెర తిప్పి చూపించాను. పచ్చటి గుర్తు, నెట్‌వర్కు నడుస్తోంది. దాని కింద, సముద్రంలో ఉన్న పడవలు సున్నా.

నాకు ఆ సున్నా వెంటనే కనబడలేదు. పచ్చగుర్తే చూశాను. పెద్ద సాబ్ తల ఊపి, బాగుంది, అందరూ ఇళ్ళకు చేరారన్నమాట అన్నారు.

వెనక నిలబడ్డ దీదీ గొంతు పెంచలేదు. “నా తమ్ముడు నిన్న తెల్లారగట్ల ఎల్లినాడు. ఆడి బిళ్ళ అభీ తక్ మేకు మీదే ఉంది. నాను చూసే వొచ్చినాను. మీ మెషీను ఆణ్ణి ఇంటికి ఎప్పుడు తెచ్చీసింది భయ్యా?”

నేను గొలుసు పొడుగు చూశాను. నిన్న సాయంత్రం రెండు వందలు దాటి ఉంది. ఇప్పుడు ఒకటి.

“రీస్టార్ట్ చేశారా అంకుల్?” అన్నాడు కన్సల్టెంటు. లేదన్నాను. ఆయన కమిటీ వైపు తిరిగి, లోకల్ నెట్‌వర్కుతో ఇదే ఇబ్బంది, నేను ముందే చెప్పాను, ప్రస్తుతానికి పాత రిజిస్టరుకే వెళ్దాం అన్నాడు. ముందే చెప్పాడు, నిజమే. కాని ఆ చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పెద్ద సాబ్ పెన్ను మూత పెట్టారు. దీదీ సంచి భుజాన వేసుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర టీ ట్రేతో నిలబడి ఉన్న అటెండరు ముందుకు వచ్చాడు. “నిన్న సాంజికి మెయిను నానే ఆపీసినాను సాబ్. తాళం ఏసినప్పుడల్లా ఆపినట్టే ఆపీసినాను. పొద్దున్న మళ్ళీ ఏసినాను.”

అందరి ముందూ చెప్పాడు. అడక్కుండా చెప్పాడు. ఆ క్షణంలో నేను నోరు విప్పి, ఆయనకు నేను చెప్పలేదు సాబ్, తప్పు నాది అనాలి. అనలేదు. నా తలలో ఇంకొకటి నడుస్తోంది. దీదీ సంచిలో టాబ్లెట్ ఉంది. టాబ్లెట్‌లో నా నకళ్ళున్నాయి.

టీ తాగేంత టైము ఇవ్వండి సాబ్ అన్నాను. సంచి దించమని దీదీని అడిగాను.

చూడండి, నేను ఎందుకు గర్వపడతానో ఇక్కడుంది. ఆ నెట్‌వర్కు ఎన్నిసార్లు కొత్తగా పుట్టినా ఒకేలా పుడుతుంది. సంతకం చేసే ఖాతాలు అవే, గుర్తింపు సంఖ్య అదే, నియమాల ప్రోగ్రాం కూడా అదే చిరునామాలో కూర్చుంటుంది. అంటే నిన్నటి సంతకం ఈ రోజూ చెల్లుతుంది. సంతకం చేసిన నకళ్ళన్నీ మొదటి నుంచి వరుసగా మళ్ళీ పంపితే, రిజిస్టరు మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా నిలబడాలి. టైము కూడా నమోదులోనే ఉంది కాబట్టి మారదు. కన్సల్టెంటు మాట విని ఉంటే నకళ్ళు ఉండేవి కాదు, ఉన్నా అన్ని పడవలూ ఆ రోజు పదిన్నరకే సముద్రంలోకి వెళ్ళినట్టు పడేవి.

టాబ్లెట్‌ను కంప్యూటరుకు తగిలించి నకళ్ళు పంపడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా వెళ్ళి ఆగిపోయింది. గొలుసు ఏడో సంఖ్య అడుగుతోంది. టాబ్లెట్‌లో ఆరు తర్వాత ఎనిమిది ఉంది. మధ్యలో ఒకటి లేకపోతే వెనకవి ఒక్కటీ పోవు.

కన్సల్టెంటు నా భుజం మీదుగా తొంగి చూశాడు. మెసేజ్ రూములో మూడు గంటలు కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఏడో నకలు ఎక్కడికి పోయింది?

బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడైంది. నా లాగ్‌బుక్కు. ఆ మూడు వారాలూ నేను పెన్నుతో రాసుకున్నది, కమిటీ వస్తోందని ముందు రోజు నేనే బీరువాలో పడేశాను. అటెండరు తీసుకొచ్చి పెట్టి వెనక్కి వెళ్ళాడు. మెసేజ్ రూము రోజుల నుంచీ నన్ను చూసిన మనిషి. నేను దేనికోసం వెతుకుతానో ఆయనకు తెలుసు.

పేజీ తిప్పాను. ఏడు: జెట్టీ సంతకంతో ఆఫీసు కంప్యూటరు నుంచి నేనే పంపిన ఉత్తుత్తి నమోదు, సున్నా నంబరు పడవ వెళ్ళింది, పరీక్ష కోసం. ఎనిమిదో దాంట్లో దీదీ దాన్ని తిరిగొచ్చినట్టు కొట్టింది. ఆ ఏడో నమోదును అదే సమయంతో అక్కడికక్కడే మళ్ళీ రాసి సంతకం చేసి పంపాను. గొలుసు తీసుకుంది. ఎనిమిది. తొమ్మిది. తర్వాత అంకెలు చదవడానికి కూడా వీల్లేనంత వేగంగా పోయాయి.

ఆగాక తెర మీద సముద్రంలో ఉన్న పడవలు రెండు. వాటి నంబర్లు, వెళ్ళిన సమయం.

దీదీ దగ్గరకొచ్చి చదివింది. నంబర్లు మటుకే చదివింది. తర్వాత జెట్టీకి ఫోను చేసి, బోర్డు మీద ఏ బిళ్ళలున్నాయో చూడమంది. అటువైపు మనిషి చెప్పింది విని ఫోను పెట్టేసి, పెద్ద సాబ్‌తో అంది: “సరిగ్గానే చెప్తోంది. ఉండనీండి దీన్ని.”

కమిటీలో ఎవరి మాటా ఆ మాటంత బరువుగా లేదు. పెద్ద సాబ్ పెన్ను మూత తీశారు. ట్రయల్ సాగించమని రాశారు. ఆ మధ్యాహ్నమే నెట్‌వర్కును డిస్కులో దాచే లైను రాశాను. దీదీ తమ్ముడు సాయంత్రం మామూలుగా వచ్చి తన బిళ్ళ తను తీసుకున్నాడు. తన గురించి ఇంత గొడవ జరిగిందని చెబితే, నేనెక్కడికి పోతాను భయ్యా అని నవ్వాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, రోజూ పొద్దున దీదీ ఫోనులో బోర్డు చదివేది, నేను తెర చదివేవాణ్ణి. ఒక్క రోజూ తేడా రాలేదు.

రిపోర్టు వచ్చింది. అందులో ఆ రోజు గురించి ఒకే వాక్యం ఉంది. స్థానిక అటెండరు నిర్లక్ష్యంగా విద్యుత్తు నిలిపివేయడం వల్ల పోయిన సమాచారాన్ని, కన్సల్టెంటు బృందం రూపొందించిన పద్ధతి ద్వారా తిరిగి సాధించడం జరిగింది. అంతే. ఆ వాక్యం ఆధారంగా అటెండరుకు మెమో ఇచ్చారు. అది ఆయన సర్వీసు ఫైలులో చేరింది.

నా మొదటి మూడు ఉత్తరాలూ ఆ వాక్యం రెండో సగం గురించి. ఆ పద్ధతి నాది, నా పేరు రాయండి అని. నకళ్ళు నావి, టైము గురించి పట్టుబట్టింది నేను, బృందం ఏదీ లేదు, ఉన్నది నేనూ ఒక లాగ్‌బుక్కూ. జవాబు రాలేదు.

తర్వాత ముందు ఆయన, రెండేళ్ళకు నేను రిటైరయ్యాం. ఒక ఆదివారం చర్చి అయ్యాక బజారులో ఎదురుపడి, ఇంటికి రా తమ్ముడూ అన్నాడు. వెళ్ళాను. వాళ్ళావిడ టీ తెచ్చింది. ఆ కప్పు సంగతి ఎత్తకుండా ఉండలేకపోయాను. ఆయనకు మొదట ఏ కప్పో కూడా గుర్తు రాలేదు. ఆ రోజు ఆఫీసులో అంచు విరగని కప్పు అదొక్కటే ఉందట. బయటివాడి ముందు మన పరువు పోకూడదని అందులో పోశాడట. నేను సొంత మనిషిని కదా, గ్లాసులో ఇస్తే ఏమనుకోననుకున్నాడట.

టీ తాగడం అయ్యాక ఆయనే అడిగాడు. “తమ్ముడూ, ఆ మెయిను పక్కన కాయితం అంటించినావు కదా. అందులో ఏటి రాసినావు? అప్పట్నుంచీ అడుగుదామనుకుంటన్నాను. కరెంటోళ్ళ నోటీసనుకున్నాను.”

ఏం రాశానో చెప్పాను. ఎందుకు ఇంగ్లీషులో రాశానో కూడా చెప్పాను. ఆయన నవ్వాడు. తెలుగులో రాసి ఉంటే చర్చిలో చదివినట్టు రోజూ ఒకసారి చదివేవాణ్ణి కదా అన్నాడు. మెమో గురించి అడిగితే, పోనీలే, ఎవరు చూస్తారు అన్నాడు. ఆయన వదిలేశాడు. నేను వదల్లేదు. నాలుగో ఉత్తరం నుంచి ఏడో ఉత్తరం దాకా ఆ వాక్యం మొదటి సగం గురించి రాశాను. వాటికీ జవాబు లేదు.

కాబట్టి మా పాత ఆఫీసు వారికి, ఈ సావనీరు ఒక కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. దీన్ని నా ఎనిమిదో ఉత్తరంగా తీసుకోండి. రిపోర్టులో ఆ వాక్యం ఇలా ఉండాలి: ఆర్డరు ప్రకారం అటెండరు మెయిన్ స్విచ్ ఆపాడు, ఆపకూడదని ఆయనకు చెప్పనిది నేను, నెట్‌వర్కును డిస్కులో దాచనిది నేను, పోయినదాన్ని తిరిగి తెచ్చింది కూడా నేను. మూడు చోట్లా నా పేరు రాయండి. మెచ్చుకునే చోట మాత్రమే రాస్తే నేను ఒప్పుకోను. ఆయన ఫైలులోంచి మెమో తీసేసి, తీసేశామని కాగితం ఇవ్వండి.

ఈసారి జవాబు కావాలి. తెలుగులో రాయండి. ఒక నకలు నాకు, ఒకటి ఆయనకు. ఆయన గట్టిగా చదువుతాడు, నేను వింటాను.